ఎలక్ట్రిసిటీకి పేరు ఇచ్చిన డాక్టరు



పోయిన నెల ఏడో తరగతిలో ఒక పాప లేచి, ఎలక్ట్రిసిటీ అనే పేరు ఎలా వచ్చింది మిస్ అని అడిగింది. రేపు చెబుతానన్నాను. నాకూ తెలియదు మరి! ఆ రాత్రి వెతికితే తెలిసిన మనిషి విలియం గిల్బర్ట్. విచిత్రం ఏమిటంటే, ఆయన వృత్తి వైద్యం.

గిల్బర్ట్ 1544లో ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివి, లండన్‌లో ప్రాక్టీస్ పెట్టి, 1601లో ఎలిజబెత్ రాణికి ఆస్థాన వైద్యుడయ్యారు. మనసు మాత్రం అయస్కాంతాల మీదే. వజ్రంతో రుద్దిన ఇనుము ఉత్తర దిక్కుకు తిరుగుతుందని అప్పట్లో ఒక పుస్తకంలో ఉండేది. ఆయన ఏకంగా 75 వజ్రాలు తెప్పించి, పదిమంది ముందు రుద్ది చూసి, అది అబద్ధమని తేల్చారు. ప్రాక్టీస్ బాగానే నడిచి ఉండాలి!

ఇక పేరు సంగతి. చెట్ల జిగురు లక్షల ఏళ్లపాటు గట్టిపడితే అంబర్ అవుతుంది. బట్టతో రుద్దితే అది గడ్డిపరకల్ని లాగుతుంది. అందుకే సంస్కృతంలో దాన్ని తృణమణి అన్నారు. గ్రీకులు పెట్టుకున్న పేరు ఎలెక్ట్రాన్. ఇలా లాగడమూ అయస్కాంతం లాగడమూ ఒకటేనని చాలామంది అనుకునేవారు. గిల్బర్ట్ ఒక తేలికైన లోహపు సూదిని మొన మీద తిరిగేలా నిలబెట్టారు. గాజు, గంధకం, సీలు వేసే లక్క, ఒక్కొక్కటీ రుద్ది దగ్గరకు తెస్తే సూది అటు తిరిగింది. అంటే ఈ గుణం అంబర్‌కు మాత్రమే సొంతం కాదు! అంబర్ లాంటివి అనే అర్థంలో వాటికి లాటిన్‌లో ఎలెక్ట్రికా అని పేరు పెట్టి, 1600లో అచ్చయిన డి మాగ్నెటె అనే పుస్తకంలో రాశారు. భూమే ఒక పెద్ద అయస్కాంతమని చెప్పిందీ అందులోనే. ఎలక్ట్రిసిటీ అనే ఇంగ్లిష్ మాటను 1646లో థామస్ బ్రౌన్ వాడారు. ఆయనా డాక్టరే.

గిల్బర్ట్ చెప్పినవన్నీ నిలవలేదు. రుద్దిన వస్తువులోంచి కంటికి కనిపించని ఆవిరి లాంటిదేదో వచ్చి లాగుతుందనుకున్నారు. ఈ రోజు పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయి. మన విద్యుత్తు అనే మాటకు అసలు అర్థం మెరుపు. ఆ మెరుపూ ఈ జాతిదేనని తేలడానికి 1752 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆయన 1603లో కన్నుమూశారు. వైద్యుల కళాశాలకు రాసిచ్చిన ఆయన పుస్తకాలు, పరికరాలు 1666 నాటి లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

మర్నాడు క్లాసులో ప్లాస్టిక్ స్కేలును నూనె రాయని జుట్టుకు రుద్ది, కాగితం ముక్కల్ని లాగించాను. మరి స్టీలు స్కేలు ఎందుకు లాగదు మిస్ అంది ఆ పాపే. రుద్దిన లోహాలు లాగవని గిల్బర్ట్ కూడా రాశారని, అందులో పుట్టే విద్యుత్తు మన చేతిగుండా పోతుందని చెప్పాను. నమ్మినట్టు లేదు. ఈ వారం మీ ఇంట్లో స్టీలు స్పూన్లు కనిపించకపోతే కాస్త ఓపిక పట్టండి.