వినడం నేర్పిన పంతులు గారు

గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. అయితే మనలో చాలామందికి ఆయన ఒక్క మార్కు ప్రశ్న మాత్రమే. వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడెవరు? గిడుగు. ఆగస్టు 29వ తేదీ ప్రత్యేకత ఏమిటి? తెలుగు భాషా దినోత్సవం. అంతటితో సరి. సైన్సు చదివే నాకు కూడా నిన్నమొన్నటి దాకా ఇంతకుమించి తెలియదు. ఆయన జీవితం చదివాక తెలిసిందేమంటే, ఆయన ఉద్యమకారుడు కావడానికి చాలా ముందే మంచి బడిపంతులు, అంతకన్నా మంచి పరిశోధకుడు. ఆ సంగతి నలుగురితో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే పల్లెలో పుట్టారు. తల్లి వెంకమ్మ గారు. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో చిన్న రెవెన్యూ ఉద్యోగి. రామమూర్తి గారికి పన్నెండేళ్ళయినా నిండకముందే తండ్రి పోయారు. ఆ తరువాత విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువు. అక్కడ ఆయన సహాధ్యాయి మరెవరో కాదు, గురజాడ అప్పారావు గారే. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. పై చదువుకు స్తోమత లేదు. ఇల్లు గడవాలి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి ప్యాసయ్యారు. ఆ బడి కాలేజీ అయింది, ఆయన కాలేజీ తరగతులకు కూడా పాఠాలు చెప్పారు. దాదాపు ముప్పై ఏళ్ళు అక్కడే పని చేశారు.

ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. ఆయన చెప్పింది తెలుగు పాఠం కాదు, చరిత్ర పాఠం! చరిత్ర చెప్పేవాడికి పుస్తకంలో ఉన్నది చాలుననుకోలేదు. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న శాసనాలు చదవాలని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. కళింగ దేశాన్ని ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. నడగాం తామ్రశాసనాల మీద ఆయన రాసిన వ్యాసం ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయింది. ఒక మూల ఊళ్ళో బడిపంతులు దేశంలోని పెద్ద పరిశోధకుల సరసన నిలబడ్డారన్నమాట.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల మీద సవరలు ఉంటారు. కొండ దిగి సంతకు వస్తారు, సరుకు అమ్ముకొని పోతారు. వాళ్ళ మాట పట్నం వాళ్ళకు తెలియదు. తెలియనందువల్ల వాళ్ళకు జరిగే మోసమూ ఎక్కువే. పంతులు గారు ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకుందామంటే పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, ఆనాటికి ఆ భాషకు లిపే లేదు. అప్పుడాయన తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకొని అతని దగ్గర శిష్యరికం చేశారు. కాలేజీలో పాఠం చెప్పే పెద్దమనిషి ఇంటికి రాగానే తానే విద్యార్థి. అది చాలక కాలినడకన కొండలెక్కి గూడేలకు వెళ్ళి మాటలు, పాటలు, కథలు విని రాసుకునేవారు.

సవర భాష మన తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాషా కుటుంబానికి చెందింది. సంతాలీ, ముండారీ దాని బంధువులు. మనం రెండు మాటల్లో చెప్పేదాన్ని, నామవాచకాన్ని క్రియలోపలికి జొనిపి, ఒకే మాటగా చెప్పగల భాష అది. గొంతులో చటుక్కున ఆగిపోయే ధ్వనులు అందులో ఉన్నాయి. అలాంటి భాషను తెలుగు వ్యాకరణం చట్రంలోనో సంస్కృత వ్యాకరణం చట్రంలోనో ఇరికిస్తే అది ఇమడదు. ఉన్నది ఉన్నట్టు వినాలి, ఉన్నది ఉన్నట్టు రాయాలి, తరువాతే సూత్రం కట్టాలి. ల్యాబులో మనకు చెప్పేది కూడా అదే కదా. ముందు రీడింగు తీసుకో, లెక్క తరువాత చెయ్యి అని! సూత్రానికి సరిపోలేదని రీడింగు మార్చేవాడిని మనం ఏమంటామో అందరికీ తెలుసు.

నేర్చుకున్నది ఆయన తన దగ్గరే దాచుకోలేదు. సవర భాషలో వాచకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు సవరల బడికే ఖర్చు పెట్టమన్నారు. దశాబ్దాల శ్రమ ఫలితంగా సవర వ్యాకరణ గ్రంథం 1931లో ఇంగ్లీషులో వెలువడింది. నిఘంటువులు కూడా వచ్చాయి. ఈ కృషిలో కుమారుడు సీతాపతి గారు తోడు నిలిచారు.

అయితే దీనికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మన్యం తిరుగుడులో మలేరియా పట్టుకుంది. జ్వరం విడవలేదు, క్వినైను మానలేదు. చివరకు ఆ మందు చెవులను దెబ్బతీసింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు వచ్చింది! ఇంకొకరైతే అక్కడితో కాగితాలు కట్టిపెట్టేవారు. ఆయన అసలు పెద్ద పోరాటం ఆ తరువాతే మొదలైంది.

1906-07 ప్రాంతంలో జె.ఏ. యేట్సు అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు దొరకు ఒక సందేహం వచ్చింది. తెలుగు పిల్లల వాచకాల్లో భాష వాళ్ళు మాట్లాడే భాషలా ఎందుకు లేదు? విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు, యేట్సు ఈ నలుగురూ కలిసి ఆలోచించారు. సవర పిల్లవాడికి సవరలో చెబితేనే చదువు వంటబడుతుందని కళ్ళారా చూసిన పంతులు గారికి జవాబు కష్టం కాలేదు. తెలుగు పిల్లవాడికి మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించదు? ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లవాడు పరీక్షలో వచ్చుచున్నాడు అని రాయాలి. చేశాను అంటే తప్పు, చేసితిని అంటే ఒప్పు. అంటే విషయం నేర్చుకోవలసిన వయస్సు కాస్తా మాటల వేషం నేర్చుకోవడంలో గడిచిపోతుంది.

1912 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ వ్యాసరచన వాడుక భాషలోనైనా రాయవచ్చని అనుమతి వచ్చింది. పండితులు మండిపడ్డారు. జయంతి రామయ్య పంతులు గారు ఆ పక్షానికి నాయకులు. సభలు, కరపత్రాలు, ప్రభుత్వానికి మహజర్లు! గట్టిగా రెండు మూడేళ్ళయినా తిరక్కుండానే ఆ అనుమతి రద్దయింది. 1915లో గురజాడ గారు కన్నుమూశారు. పంతులు గారు దాదాపు ఒంటరివారయ్యారు. ఉద్యోగం లేదు, చెవులు వినపడవు, వయస్సు యాభై దాటింది. అయినా ఊరూరా తిరిగారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. గ్రాంథికమే రాయాలనే పండితుల రచనల్లోనే ఆ గ్రాంథికం ఎన్ని చోట్ల తప్పిందో ఎత్తి చూపించారు. ప్రాచీన గ్రంథాల్లో, శాసనాల్లో వాడుక రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి ముందు పెట్టారు. పాత కావ్యాలంటే ఆయనకు ద్వేషం లేదు. వాటిని క్షుణ్ణంగా చదివినందువల్లనే ఆ వాదం చేయగలిగారు.

1933లో రాజమహేంద్రవరంలో ఆయన సప్తతి మహోత్సవం ఘనంగా జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారికి అన్యాయం జరిగిందని, తాను జీవితమంతా గడిపిన ఊరు వదిలి ఆయన రాజమహేంద్రవరం వచ్చేశారు. అప్పటికి డెబ్బై మూడో ఏడు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అంతకు వారం ముందు కూడా పత్రికా సంపాదకులను కలిసి వాడుక భాషలో రాయమని వేడుకున్నారు. ఆ తరువాత పత్రికలు మారాయి, వాచకాలు మారాయి, విశ్వవిద్యాలయాల్లో జవాబు పత్రాలు, పరిశోధన గ్రంథాలు కూడా మారాయి. నేనీ వ్యాసం ఈ భాషలో రాయగలగడం ఆయన పెట్టిన భిక్ష.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మాది వ్యవసాయ కుటుంబం. ఇంటర్మీడియట్‌లో ఒకసారి బోటనీ క్లాసులో ఒక మొక్క చూపించి పేరు అడిగారు. అది రోజూ మా నాన్నతో పాటు గట్టు మీద పీకే గరిక. గరిక అన్నాను. క్లాసంతా నవ్వింది. సైనోడాన్ డాక్టిలాన్ అనాలట. ఆ పేరు నేర్చుకోవలసిందే, కాదనను. కాని దాని వేరు ఎంత లోతుకు పోతుందో, ఒక్క కణుపు మిగిలితే మళ్ళీ ఎలా అల్లుకుంటుందో ఆ రోజు నాకు తెలుసు. చెప్పమని ఎవరూ అడగలేదు. ఆ ఏడాదంతా నేను క్లాసులో మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ క్లాసులో పంతులు గారు ఉండి ఉంటే ముందు గరిక గురించి నన్ను చెప్పనిచ్చి, చెవి దగ్గరకు పెట్టి విని, ఆ తరువాత లాటిన్ పేరు నేర్పేవారనిపిస్తుంది. ఈ ఏడాది కూడా మన కాలేజీలో పల్లెల నుంచి, గూడేల నుంచి వచ్చి ఫస్టియర్‌లో చేరినవాళ్ళున్నారు. వెనక బెంచీలో కూర్చొని నోరు విప్పనివాళ్ళున్నారు. వాళ్ళకేమీ రాదని అనుకోకముందు, వాళ్ళ మాటలో ఒకసారి అడిగి చూద్దాం.