ఇంటి నెఱుగని దొరతనము – ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితము

ఏటేట కనుమపండుగనాడు అహోబిలస్వామి పారువేటకు బయలుదేఱును. తన పెండ్లికి రమ్మని జనులను పిలుచుటకై స్వామి స్వయముగ పల్లకి నెక్కి, నలుబదిదినములు చుట్టుపట్ల ముప్పదికి మించిన పల్లెలు తిరుగునని ఈ సీమవారి విశ్వాసము. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. ఆయన నామమే ఇచ్చటి యిండ్లలో నరసింహుడనియు, ఓబన్న యనియు, ఓబులమ్మ యనియు వినవచ్చుచుండును. దైవమును సైతము బంధువరుసతో పిలుచుకొను ఈ రేనాటి నేలమీదికి, మనుష్యుని మాత్రమే గుర్తించి వాని యింటిని గుర్తింపని దొరతన మొకటి వచ్చెను. దాని నెదిరించి 1847లో ఉరికంబ మెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్రమును మనము వీరగాథగా వినుచున్నాము. కుటుంబములను పోషింపవలసిన ప్రభుత్వధర్మమును గూర్చిన పాఠముగ గూడ అది చదువదగినది.

1800 సంవత్సరమున నైజాము ఈ మండలములను కుంపినీవారికి దత్తము చేసెను. సీమలో నాడు సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు గలరు. ప్రధాన కలెక్టరుగ వచ్చి 1807 వఱకు పాలించిన మన్రో దొర వారి కోటలను, బలగములను తొలగించి, లొంగినవారికి నెలసరి భరణము లేర్పఱచెను. నరసింహారెడ్డి తాతయగు జయరామిరెడ్డి నొస్సమునకు ప్రభువు. తండ్రి పెదమల్లారెడ్డి ఉయ్యాలవాడ పాళెగాడు. తాత కోటలో దర్బారు తీర్చినవాడు. మనుమడు తాలూకా కచ్చేరిలో భరణమునకై వేచియుండవలసినవాడయ్యెను.

ఆ భరణమెంత? కుటుంబమునకు నెలకు 70 రూపాయలు. అందులో సగము పినతండ్రికి పోగా మిగిలిన 35 రూపాయలను మువ్వురన్నదమ్ములు పంచుకొనిరి. నరసింహారెడ్డి వంతునకు వచ్చినది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఒక్కొక్క తరము గడచినకొలది ఇండ్లు పెరుగుచుండెను. భరణము చీలికలై తఱుగుచుండెను. ఇంతలో నొస్సము వంశమునకు చెల్లుచుండిన భరణము, అనుభవించువాడు సంతు లేక గతించుటచే నిలిచిపోయెను. అందు తనకు భాగము రావలెనని నరసింహారెడ్డి కోరెను, దొరతనమువారు నిరాకరించిరి. వారి లెక్కలో భరణ మొక మనుష్యునిది. వాడు పోయిన పేరు కొట్టివేయుటయే తక్కిన పని. ఈ దేశపు లెక్కలో అది యొక యింటిది.

ఈ యన్యాయ మొక్క రెడ్డిగారి యింటితో ఆగినచో సీమ కదలియుండెడిది కాదు. గ్రామములను కాచు కట్టుబడి బంట్రోతులు తమ కొలువునకై స్వల్పమైన పన్నుమీద ఈనాము భూములను తరతరములుగ అనుభవించుచుండిరి. ఆ భూముల నిప్పుడున్న అనుభోక్తల మరణానంతరము ప్రభుత్వము స్వాధీనపఱచుకొనునని ఆజ్ఞలు వెలువడెను. తండ్రి బ్రతికియున్నంతకాలము ఆ చేను తిండి పెట్టును. తండ్రి కన్ను మూసిననాడే తల్లియు బిడ్డలును ఆ చేనికి పరులగుదురు. ఇంటికి ఆదరువు మిక్కిలి యవసరమైన దినమునే దానిని తీసికొనుట ఆ యాజ్ఞ సారాంశము. తన పిదప ఆలుబిడ్డలు వీథిపాలగుదురని యెఱిగినవాడు ప్రాణమునకు వెఱచునా? వా రందఱు నరసింహారెడ్డి పక్షమున చేరిరి. ఆయన కుడిభుజమని వాసికెక్కిన వడ్డె ఓబన్న పేరును అహోబిలస్వామిదే.

1846లో వారు కోయిలకుంట్ల ఖజానాను ముట్టడించి దోచిరి. కుంపినీ సేనలు వెంబడింప రుద్రవరము, గిద్దలూరు ప్రాంతములమీదుగ నల్లమల యడవులందు పోరు సాగినది. ఆయనను లోబఱచుకొనుటకై దొరతనమువారు కుటుంబమును కడపలో నిర్బంధించిరనియు సీమలో చెప్పుకొందురు. భరణమీయవలసినపుడు కానరాని కుటుంబము, చెఱబెట్టవలసినపుడు వారికి కానవచ్చెను! అక్టోబరు 6వ తేదీన పేరుసోముల కొండయొద్ద ఆయన పట్టువడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో వేలకొలది జనుల యెదుట ఉరితీయబడెను. ఆ శిరస్సును 1877 వఱకు కోటబురుజున వ్రేలాడదీసి యుంచిరి. ముప్పది సంవత్సరములు తల్లులు బిడ్డల చేయిపట్టుకొని దానిక్రిందనే నడచిరి. వారికి కలుగవలసిన భయమునకు మాఱుగ పాట పుట్టినది.

పదునొకండు రూపాయలకై పోరాడినవాడు దేశభక్తు డెట్లగునని ఆక్షేపించువారు గలరు. తన యింటి కష్టముతో ఆరంభించెనన్నమాట నిజమే. దానిని దాచుట యనవసరము. కాని తన యింటి కష్టమే వందలయిండ్ల కష్టమని గ్రహించి, వారితో కలిసి ప్రాణమిచ్చుటయందే ఆయన గొప్పతన మున్నది.

ఆ దొరతనము పోయినది. 1964లో కేంద్రప్రభుత్వము తన యుద్యోగుల భార్యాబిడ్డలకు కుటుంబపింఛను పద్ధతి నేర్పఱచినది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వితంతువుల పింఛనును నెలకు 4,000 రూపాయలు చేసినది; పింఛనుదారుడు గతించినచో ఆయన భార్యకు మఱుసటి నెలనుండియే చెల్లించు పద్ధతియు ఆ యేటనే మొదలైనది. ఇవి మెచ్చదగినవి. అయినను కట్టుబడివాని భార్య కన్నీరు నేటికిని కౌలురైతు భార్య కంట నున్నది. ఎండినచేనిలో అప్పులపాలై భర్త గతించినచో, ఆయన కౌలుదారని చూపు కాగితము లేనిదే ఆమెకు సాయ మందుట దుర్ఘటము. 2019లో చేసిన సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల ఒడంబడికపై భూస్వామి సంతకము కోరినది. సంతకమునకు వెఱచి కాగిత మీయని భూస్వాము లెందఱో!

కనుక ప్రభుత్వమును కోరవలసినది రెండు మాటలు. సాయము వ్రాయునపుడు భర్తపేరుతోపాటు భార్యపేరును వ్రాయవలెను. ఇంటిపెద్ద పోయినపుడు అర్జీలకై తిప్పక సాయమే యింటికి నడచిరావలెను. భూములుగల మన పాఠకులను కోరవలసినది ఒక్కటే మాట. మీ చేను దున్నువాని కాగితముమీద సంకోచింపక సంతకము చేయుడు. దానివలన మీ భూమి పోదు. వాని యిల్లు నిలుచును. నరసింహారెడ్డి పాటలను విని కన్నీరు పెట్టుకొను మనము ఆయన కీయగల నివాళి యిదియే.