ఉష్ణశక్తికి హద్దు చూపిన సాదీ కార్నో

మామిడిని పండించే మన ఆగిరిపల్లి ఎండతో యంత్రాన్ని నడపగలమా? నడిపితే ఆ వేడిమిలో ఎంత భాగం పనిగా మారుతుంది? ఈ ప్రశ్నకు మూలసూత్రం అందించిన మహనీయుడు ఫ్రెంచి యువ ఇంజనీరు సాదీ కార్నో.

ఆయన 1796 జూన్ 1న పారిస్‌లో జన్మించాడు. తండ్రి లాజార్ కార్నో గణితవేత్త, విప్లవ సేనలను తీర్చిదిద్దిన దక్షుడు. పారసీక మహాకవి షేక్ సాదీపై గల అభిమానంతో ఆయన కుమారునికి ఆ పేరు పెట్టాడు. గులిస్తాన్ ఎరిగిన మన ఉర్దూ విద్యార్థులకు అది పరాయి పేరు కాదు.

సాదీ 16వ ఏట ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1814లో శత్రుసేనలు పారిస్‌పైకి రాగా సహాధ్యాయులతో కలిసి పోరాడాడు. నెపోలియన్ పతనానంతరం తండ్రి ప్రవాసియై, 1823లో మాగ్డెబర్గ్ నగరంలో కన్నుమూశాడు. మరుసటి సంవత్సరమే సాదీ తన ఏకైక గ్రంథాన్ని ప్రకటించాడు. ఎంత గొప్ప ఆవిరియంత్రమైనా దాటలేని హద్దు ఏది అన్నదే అందలి విచారణ. వేడి చోటు నుండి చల్లని చోటుకు ఉష్ణం ప్రవహించినప్పుడే పని జరుగుతుందనీ, దాని గరిష్ఠ పరిమితి ఆ రెండు ఉష్ణోగ్రతలపైనే ఆధారపడుతుందనీ ఆయన నిరూపించాడు.

లోకం ఆ గ్రంథాన్ని గుర్తించలేదు. 1832 ఆగస్టు 24న, 36వ ఏట, ఆయన కలరాకు బలియైనాడు. తరువాత క్లాపేరాన్, కెల్విన్, క్లాసియస్ ఆ పునాదిపై ఉష్ణగతిక శాస్త్రాన్ని నిర్మించారు. ఉష్ణం ఒక ద్రవమనే నాటి నమ్మకంపైనే ఆయన గ్రంథం రచించాడు. కాని ఆ నమ్మకాన్ని తానే విడనాడినట్లు, 1878లో సోదరుడు వెలువరించిన ఆయన వ్రాతలు తెలిపాయి.

2014లో అనంతపురం జిల్లా నాగలాపురంలో 50 మెగావాట్ల సౌర ఉష్ణ విద్యుత్కేంద్రం ప్రారంభమైంది. అటువంటి కేంద్రాలలో వంపు అద్దాలు ఎండను గొట్టాలపై కేంద్రీకరిస్తాయి. గొట్టాలలోని నూనె సుమారు 390 డిగ్రీల సెంటీగ్రేడుకు కాగి, నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైనును త్రిప్పి, చల్లబడి, తిరిగి నీరవుతుంది. ఇదే రాంకిన్ చక్రం. చల్లబరచే చోట 40 డిగ్రీలున్నదనుకుంటే, కార్నో సూత్రం ప్రకారం ఆ ఉష్ణంలో నూటికి 53 పాళ్లకు మించి పనిగా మారదు. వాస్తవ యంత్రంలో అంతకన్న తక్కువే లభిస్తుంది.

నేడు ఇంజనీర్లు నిర్మాణానికి ముందే ఈ చక్రాన్ని కంప్యూటరుపై నడిపి చూస్తారు. ఫలితం కార్నో హద్దును దాటినదంటే, లెక్కలో దోషమున్నదని వెంటనే గ్రహిస్తారు.

విద్యార్థి మిత్రులారా! బ్రతికినన్నాళ్లు కీర్తి ఎరుగని ఈ యువకుడు తన తలపులను తానే పరీక్షించుకొన్నాడు. మన లెక్కలను మనమే శంకించి సరిచూచుకొనడం ఆయనకు మనం చెల్లించగల నివాళి.