జేన్ ఆస్టిన్

ఇంగ్లండు దేశమున హాంప్‌షైరు మండలమునందు స్టీవెంటన్ అను పల్లె కలదు. ఆ యూరి క్రైస్తవ మతాచార్యుడగు జార్జి ఆస్టిన్‌కు 1775వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన జేన్ జన్మించెను. ఎనమండుగురు బిడ్డలలో ఆమె యేడవది. కొద్దికాలమే పాఠశాలలో చదివి, తక్కిన విద్యను తండ్రి గ్రంథములనుండియే గడించెను.

జేన్ తన మనసును పలువురకు తెలుపు స్వభావము కలది కాదు. అక్క కసాండ్రాయే ఆమెకు ఆంతరంగికురాలు. 1805లో తండ్రి మరణించిన పిమ్మట తల్లియు కుమార్తెలును సోదరుల సాయముతో కాలము గడపిరి. 1809లో ఎడ్వర్డు అను సోదరుడు చాటన్ గ్రామమున వారికొక యిల్లొసగెను. అచ్చట జేన్ చిన్న బల్లయొద్ద కూర్చుండి నవలలు వ్రాయుచు, బయటివారు వచ్చినంతనే కాగితములను మరుగుపఱచెడిదని ఆమె సోదరుని కుమారుడు వ్రాసియున్నాడు. 1811లో వెలువడిన తొలి నవలపై ఆమె పేరైనను లేదు. ఒక స్త్రీ రచించినదని మాత్రమే యుండెను.

ఆ నవలలోని ఎలినార్ కూడ గుట్టుగల యువతి. తాను ప్రేమించినవానికి వేఱొక యువతితో వివాహము నిశ్చయమైనదని ఆ యువతియే ఆమెకు రహస్యముగా చెప్పును. ఇచ్చిన మాటకై ఎలినార్ నాలుగు మాసములు తల్లికిని చెల్లెలికిని ఆ సంగతి తెలియనీయక, ఎప్పటివలెనే అందఱితో మెలగును. తుదకు అతనికి వివాహము కాలేదని తెలిసినపుడు మాత్రము గదినుండి పరుగున వెడలి ఆనందబాష్పములు విడుచును. ఆ కన్నీటివలననే, ఆమె అంతవఱకు ఎంత దుఃఖమును దిగమ్రింగెనో పాఠకునకు బోధపడును.

1816 జులై నాటికి జేన్ వ్యాధిగ్రస్తురాలు. అయినను పర్స్వేషన్ అను నవలను ముగించెను. అందు ఆన్ అను యువతి పెద్దల మాట విని, తాను వరించిన నావికుని వదలుకొనును. ఎనిమిదేండ్లకు అతడు తిరిగివచ్చును. ఇరువురకును ప్రేమ కలదు; ఇరువురును పెదవి విప్పరు. మొదటి ప్రతిలో నావికుని బావగారు కల్పించుకొనుటచే వారి మౌనము వీడును. ఆ ముగింపు జేన్‌కు చప్పగా తోచెను. ఆ రాత్రి చింతతో నిద్రించి, మఱునాడు నూతనోత్సాహముతో లేచి, ఆ భాగమును తీసివైచి మరల వ్రాసెను. క్రొత్త ప్రతిలో, స్త్రీల ప్రేమ యెంత స్థిరమైనదో ఆన్ వేఱొకనితో చర్చించును. మాట లోకమునుగూర్చినది, వేదన తనది. అదే గదిలో వ్రాతబల్లయొద్దనున్న నావికుడు అది విని, నోట చెప్పలేనిదానిని లేఖగా వ్రాసి, ఆమె ముందుంచి వెడలును.

1817 జులై 18వ తేదీన విన్‌చెస్టరు నగరమున జేన్ 41 సంవత్సరముల వయసున మరణించెను. ఆ యేటి చివర పర్స్వేషన్ వెలువడినపుడు సోదరుడు హెన్రీ ఆమె పేరును లోకమునకు ప్రకటించెను. తనకు జేన్ వ్రాసిన లేఖలలో పెక్కింటిని కసాండ్రా తగులబెట్టెను. జేన్ తీసివైచిన ఆ తొలి ముగింపు మాత్రము ఆమె చేవ్రాతతోనే బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. నోరు విప్పనివారి మనసును వారి నడవడియందు చదువుట ఎట్లో ఆమె నవలలు నేటికిని నేర్పుచున్నవి.