జనం, పని, బరకత్: ఇబ్నె ఖల్దూన్ జీవితం

1332లో ట్యూనిస్‌లో, అందులూస్ నుంచి వలస వచ్చిన చదువుకున్న ఖాందాన్‌లో ఇబ్నె ఖల్దూన్ పుట్టారు. ఆయనకు పదిహేడేళ్లు కూడా నిండకముందే ప్లేగు వచ్చింది. 1348-49లో అమ్మీ అబ్బా ఇద్దరూ పోయారు, పాఠం చెప్పిన ఉస్తాదులూ చాలామంది పోయారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం లేకపోతే రాజ్యం ఏమవుతుందో ఆయన పుస్తకాల్లో కాదు, ఇంట్లోనే చూశారు.

తర్వాత ఫెజ్, గ్రెనడా దర్బారుల్లో కొలువు చేశారు. రాజకీయాల్లో ఇరుక్కుని ఫెజ్‌లో దాదాపు రెండేళ్లు జైల్లో ఉన్నారు. చివరికి విసుగొచ్చి ఇప్పటి అల్జీరియాలోని ఒక కోటలో తలదాచుకుని, 1377లో ముఖద్దిమా రాశారు. అసలు ముసాయిదాకు పట్టింది ఐదు నెలలే!

అందులో ఆయన చెప్పిన లెక్క చాలా తేలిక. ఒక్క మనిషి తన రొట్టె తానే పూర్తిగా తయారు చేసుకోలేడు. దున్నాలి, కోయాలి, విసరాలి, కాల్చాలి. నాగలికి కమ్మరి, వడ్రంగి కావాలి. పదిమంది పని పంచుకుంటే మాత్రం పదిమందికి మించి ఎంతోమందికి సరిపడా పండుతుంది. ఆ మిగులుతోనే కొత్త పనులు, కొత్త హునర్లు పుడతాయి. అందుకే జనం ఎక్కువున్న ఈజిప్టు, ఇండియా, చైనా సంపన్నంగా ఉన్నాయనీ, జనం పలచబడ్డ మగ్రిబ్ వెనకబడిందనీ ఆయన వాదన. ఫెజ్‌లో బక్రీద్ రోజుల్లో బిచ్చగాళ్లు ఖుర్బానీ జంతువు కొనడానికి డబ్బులు అడిగేవారట. త్లెమ్సెన్‌లో అదే అడిగితే కసురుకునేవారు. ఊరి జనాభాని బట్టి బిచ్చగాడి స్థితి కూడా మారుతుందని ఇంత సూటిగా చూపినవాళ్లు తక్కువ.

అయితే తలలు లెక్కపెడితే చాలని ఆయన అనలేదు. పన్నులు పెంచి, ఆస్తులు లాక్కుని, వెట్టి చేయిస్తే మనుషులకు పని మీద ఆశ పోతుంది, ఊరు వదిలేస్తారు, ఖజానా కూడా ఎండుతుంది. జనాభా గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఈ సగాన్ని వదిలేస్తుంటారు.

1382లో ఈజిప్టు చేరారు. మాలికీ ఖాజీ అయ్యారు. 1384లో ఆయన దగ్గరికి వస్తున్న బీవీబచ్చాలు ఓడ మునిగి పోయారు. ఆ దుఃఖంలో పదవి వదిలి హజ్‌కు వెళ్లారు. 1401లో డమాస్కస్ ముట్టడిలో తాళ్లతో గోడ దిగి తైమూర్‌ను కలిశారు. 1406లో కైరోలో, ఆరోసారి ఖాజీగా నియమితులైన కొద్దిరోజులకే కన్నుమూశారు. బాబ్ అల్ నస్ర్ బయట సూఫీల ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు.