అమృతాంజన దాత నాగేశ్వరరావు పంతులు

నుదుటికి రాచుకొను పసుపుపచ్చని అమృతాంజనము నెల్లూరు తీరమున బెస్తపాలెములకును, సేద్యపుటూళ్లకును చిరపరిచితము. పాత భారతి సంపుటములును, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలును గ్రంథాలయ చదువరులెరిగినవే. ఈ రెంటికిని మూలపురుషుడు ఒక్కరేయని నేటి యువకులలో పలువురెరుగరు.

దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణామండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువు ముగించి, సర్కారు కొలువునకు ప్రాకులాడక వర్తకమున ప్రవేశించిరి. కలకత్తాలో మందుల వ్యాపారపు మెలకువలు గ్రహించి బొంబాయి చేరిరి. అచ్చటనే 1893లో అమృతాంజనమును వెలువరించిరి.

అది పేటెంటు మందుల కాలము. పూర్వము ఇంగ్లండులో రాజపత్రము పొందిన మందులకు ఆ పేరు కలిగెను. పిదప ఏ రాజపత్రమును లేకున్నను, లోపలి సరకు దాచి, సీసామీద గొప్పలు వ్రాసి అమ్మినవన్నియు ఆ పేరనే చెల్లినవి. పసిపిల్లల మందులో నల్లమందును, బలమునకిచ్చు మందులో సారాయిని కలిపిన వర్తకులుండిరి. తల్లులకా సంగతి తెలియదు. అట్టి వస్తువుల పేర్లు చీటీమీద వ్రాయవలెనని అమెరికాలో 1906 నాటి శాసనము నిర్బంధించెను. మాయమందుల ప్రకటనల నరికట్టు శాసనము మన దేశమున 1954లో గాని రాలేదు.

అమృతాంజనము చావుబ్రతుకుల మందు కాదు. కర్పూరము మొదలగువాని ఘాటు చర్మమునకు తగిలి, నొప్పిని కొంతసేపు మరపించును, అంతియే. ఆ చిన్న మేలునే పంతులుగారు నమ్ముకొనిరి. క్రొత్త మందును డబ్బిచ్చి కొనువారెవరు? సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. వాడి చూచినవారే పదిమందికి చెప్పిరి. వ్యాపారము పెరిగెను.

మందుల ప్రకటనలతో పత్రికలు బ్రతుకుట లోకమంతట ఉన్నదే. ఇచ్చట మందే పత్రికను కన్నది. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో మదరాసునందు దినపత్రికయయ్యెను. 1924లో భారతి పుట్టెను. ఆంధ్ర గ్రంథమాల పేర ప్రాచీన కావ్యములును, చరిత్ర గ్రంథములును అచ్చువేయించిరి. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో గతించి విజ్ఞానసర్వస్వము నిలిచిపోగా, దాని భారమును తలకెత్తుకొనిరి. లాభము రాదని ఎరిగియే ఈ పనులకు పూనుకొనిరి. తలనొప్పి మందు కొన్న కూలివాని కాసులో కొంత, వానికి తెలియకయే, తెలుగు పుస్తకమునకు చేరెను. చేయి చాచిన గ్రంథాలయములకు ఆయన లేదనలేదు.

నెల్లూరు వారికి మరియొక ఋణము కలదు. 1937 నవంబరు 16న మదరాసులోని పంతులుగారి శ్రీబాగు గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక చేసికొనిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటి విషయమున రాయలసీమకును నెల్లూరునకును పదియేండ్లు ముందు చూపవలెనని అందు వ్రాసికొనిరి.

ఆ పిమ్మట అయిదు నెలలైన నిండకమునుపే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు పరమపదించిరి. ఆయన నెలకొల్పిన దినపత్రికయు భారతియు ఆ శతాబ్దము ముగియకముందే నిలిచిపోయినవి. అమృతాంజనము మాత్రము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది.