గోరాగారి విందు

మాంసము మానవలయునని కొందఱును, అది మా యిచ్చయని కొందఱును వాదించు ఈ దినములలో మాకు గోరాగారు స్మరణకు వచ్చుచున్నారు. గోపరాజు రామచంద్రరావుగారు 1902లో ఛత్రపురమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. వృక్షశాస్త్రము బోధించుచు, నాస్తికుడన్న కారణమున 1933లో కాకినాడ కళాశాల కొలువు కోల్పోయిరి. 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును నెలకొల్పి, 1947లో విజయవాడ పటమటకు మార్చిరి. అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భుజింపజేసిరి.

1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్య రజతోత్సవ దినమున, గోమాంసమును పందిమాంసమును ఒకేచోట వడ్డింపించిరి. ఉభయ మతముల ఛాందసులును మండిపడిరి. దానిని మాంసభక్షణ ప్రచారమనుట పొరపాటు. వారు తెంపదలచినది మతము విస్తరిచుట్టు గీచిన గీతను. జీవకారుణ్యముచేతనో, భూమికి కలుగు భారమును తలచియో పాలుసైతము విడుచు నేటి వీగనులతో ఆ విందునకు వైరమున్నదని మేము తలంపము. వైరమున్నది అద్దె యిండ్ల పలకలతోనే: కులమడుగ సిగ్గుపడి కూర నడుగుచున్నారు!

గోరాగారు 1975 జులై 26న కన్నుమూసిరి. వారి కేంద్రము నేటికిని బెంజి సర్కిలు చెంతనున్నది.